నాంచారమ్మ ఇంటి కింద కాలువ

1946వ సంవత్సరం. యుద్ధం ముగిసినా బెజవాడలో బియ్యానికి, కిరసనాయిలుకి, సిమెంటుకి ఇంకా కంట్రోలే నడుస్తోంది. నేను డ్రైనేజి పనుల్లో ఓవర్సీరుగా చేరి అప్పటికి నాలుగేళ్లు. ఓవర్సీరంటే ఇంజనీరుకి కింద, మేస్త్రీకి పైన ఉండే మనిషి. పని బాగుంటే పేరు ఇంజనీరుగారిది, చెడితే తిట్లు ఓవర్సీరువి. అప్పుడు నాకు ఇరవై ఎనిమిదేళ్లు. ముక్కు మీద కోపం, నోటికి అదుపు తక్కువ. ఈ రెండు గుణాలూ జరిగిన సంగతిలో భాగమే కనక ముందే ఒప్పుకుంటున్నాను.

కృష్ణా డెల్టాలో కాలువ తవ్వి నీళ్లు తెచ్చినవాడికి దండం పెడతారు. ఎక్కువైన నీళ్లను బయటికి పంపేవాడి మొహం ఎవరూ చూడరు. పామర్రులో ఉండే మా మామగారు కూడా, అల్లుడేం చేస్తాడని ఎవరైనా అడిగితే "ఇరిగేషన్‌లో" అనేవారు గానీ, మురుగు కాలువల్లో అనేవారు కాదు. నాకు ఒళ్లు మండేది. పండించడానికి నీళ్లు ఎంత అవసరమో, బతకడానికి ఆ నీళ్లు పోవడం కూడా అంతే అవసరమని ఎవరికి చెప్పను!

బెజవాడకు ఉత్తరంగా, బుడమేరు వైపు, ఒక చిన్న పేట ఉండేది. పేరు రాయను. ఇప్పుడక్కడ ఉన్నవాళ్లు నొచ్చుకుంటారు. పేటకు ఒక పక్క పెద్ద చెరువు. చెరువు గట్టు వెంబడి ఒక పొడుగాటి వీధి. ఆ వీధికి ఒకవైపు గట్టు, రెండోవైపు గోడకు గోడ ఆనుకుని నలభై ఇళ్లు. అన్నీ నేతపనివాళ్లవి. పొద్దున్న ఆ వీధిలో అడుగుపెడితే నలభై మగ్గాలూ ఒకేసారి మాట్లాడుతున్నట్టుండేది. ఆ చప్పుడు మళ్లీ ఒక్కసారి వినాలని ఈ వయసులో ఎంతగా అనిపిస్తుందో చెప్పలేను. చెరువు పూడ్చేశారు. మగ్గాలు పోయాయి. నేనూ పెన్షను పుచ్చుకునేవాణ్ణయ్యాను.

యుద్ధం రోజుల్లో పట్నం పెరిగి ఆ వైపు కూడా పాకింది. చెరువు చుట్టూ ఉన్న పొలాలను స్థలాలుగా కోసి అమ్మారు. మేడలు లేచాయి. మా భాషలో రనాఫ్ అని ఒక మాట ఉంది. పడ్డ వానలో భూమి తాగగా మిగిలి పరుగెత్తే నీళ్లు. పొలంలో పడ్డ వాన గట్టు దాటడానికి రెండు రోజులు పడుతుంది. డాబా మీద పడ్డ వాన రెండు నిమిషాల్లో తూములోంచి దూకుతుంది. ఆ నీళ్లన్నీ చెరువులోకే వచ్చాయి. చెరువు నిండితే నీళ్లు బయటికి పోవడానికి పూర్వం ఒక పాత కాలువ ఉండేది. ఆ కాలువ మీద కూడా పెద్దమనుషులు ఇళ్లు కట్టుకున్నారు. వాళ్ల జోలికి పోవడానికి మా ఆఫీసులో ఎవరికీ గుండె లేదు. నాకూ లేదు.

జూన్‌లో మొదటి వానలు పడగానే నేతవాళ్ల పెద్ద సూరయ్య ఆఫీసుకి వచ్చాడు. అరవై ఏళ్ల మనిషి, ఎండుపుల్లలా ఉంటాడు, మాట మాత్రం గట్టి.

"మగ్గం గుంటల్లోకి నీళ్లొస్తన్నాయండీ. ఒకసారి వచ్చి చూడండి," అన్నాడు.

చేనేత మగ్గం చూడనివాళ్లకి ఒక మాట చెప్పాలి. నేతగాడు నేల మీద కూర్చుని, ముందున్న గుంటలోకి కాళ్లు జారవిడిచి, అడుగున ఉన్న చెక్కలను తొక్కుతూ నేస్తాడు. నడుము లోతు గుంట. ఆ గుంట ఎండి ఉండాలి. తడి తగిలితే చెక్క ఉబ్బుతుంది, నూలు మెత్తబడి తెగుతుంది, మనిషికి కాళ్లు నాని ఒరుస్తాయి.

నేను వెళ్లి ముందుగా చెరువు దగ్గర పాతిన గేజి రాయి చూశాను. నీటి మట్టం కొలవడానికి గీతలు చెక్కిన రాయి. నీళ్లు ప్రమాదం గీతకి రెండంగుళాలు కిందే ఉన్నాయి.

"మట్టం కిందే ఉందిగదయ్యా! ఊరికే గోల చేస్తారేం?" అన్నాను.

"మీ రాయి మీద కింద ఉందండీ. మా గుంటలో పైన ఉంది. నేసేది రాయి కాదుగదండీ, మేవేగా," అన్నాడాయన.

ఇల్లిల్లూ తిప్పి చూపించాడు. నీళ్లు వీధి మీదుగా రాలేదు. గట్టు కిందనుంచి ఊరి, గుంటల అడుగున పైకి ఉబుకుతున్నాయి. చెరువు నిండకముందే నేతగాడి కాలికి తెలుస్తుంది. గేజి రాయికి ఆ సంగతి తెలియదు, నాకూ తెలియలేదు. మగవాళ్లు నీళ్లలో కాళ్లు పెట్టుకునే నేస్తున్నారు. ఒక ముసలాయన పాదాలు చూశాను, నానిన చిక్కుడు గింజల్లా తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

చెరువు మట్టాన్ని గుంటల అడుగుకన్నా కిందికి దించాలి. అంటే కొత్త కాలువ కావాలి. నేను అలైన్‌మెంట్ గీశాను. కాలువ ఏ దారిన పోవాలో కాగితం మీద గీసే గీతని అలా అంటాం. చెరువు గట్టు దగ్గర మొదలుపెట్టి, ఆ వీధి పొడుగునా తిన్నగా తీసుకెళ్లి, చివర ఖాళీ పొలంలోంచి బుడమేరులో కలిసే వాగులోకి వదలడం. తిన్నటి వీధి, ఒక్క ఇల్లూ కొట్టనక్కర్లేదు. మా ఇంజనీరుగారు భేష్ అన్నారు.

వీధిలో ఆ మాట చెబితే ఒక్కరి మొహంలోనూ సంతోషం కనబడలేదు.

"రేపు తెల్లారేసరికి రండి ఓవర్సీరుగారూ," అన్నాడు సూరయ్య.

"ఎందుకూ?"

"వస్తే మీకే తెలుస్తది."

వెళ్లాను. అప్పుడప్పుడే వెలుగు వస్తోంది. వీధి మధ్యలో ఈ చివరినుంచి ఆ చివరిదాకా పడుగులు చాపి ఉన్నాయి. పడుగంటే మగ్గానికి ఎక్కించే నిలువు దారం, వందల పోగులు. వెదురు గుంజల మీద దాన్ని బిగించి, గంజి పట్టించి, అటొకళ్లు ఇటొకళ్లు నిలబడి పెద్ద కుంచెలతో దువ్వుకుంటూ వెనక్కీ ముందుకీ నడుస్తున్నారు. గంజి వాసన, తడినూలు వాసన. ఎండెక్కకముందే ఆ పని అయిపోవాలి. ఆ వీధి అంత తిన్నగా, అంత వెడల్పుగా ఎందుకుందో అప్పుడు తెలిసింది. వాళ్లు అక్కడ నడవడానికి వీధి వేసుకోలేదు, పడుగు చాపడానికి వేసుకున్నారు.

"కాలవ తవ్వితే గుంటలు ఎండుతయ్యి. మంచిదే. ఎండిన గుంటలో కూచుని ఏం నెయ్యమంటారు, పడుగు లేకుండా?" అన్నాడు సూరయ్య.

కాలువని రాతిపలకలతో కప్పితే సరిపోతుంది. కానీ రెండు వందల గజాల పొడుగునా పలకలు పరవడానికి ఆ రోజుల్లో మంజూరు రాదు. గీసిన గీత చించేశాను. లెవల్స్ మళ్లీ తీశాను. లెవల్స్ తీయడమంటే గొట్టం కంట్లో పెట్టుకుని నేల ఎత్తుపల్లాలు కొలవడం. మూడు రోజులు కొలిస్తే ఒక్కటే దారి దొరికింది. వీధికి అడ్డంగా దాటి, ఇళ్ల వరసలో అన్నిటికన్నా పల్లంలో ఉన్న ఒక ఇంటిలోంచి చీల్చుకుని వెనక పొలంలోకి పోవాలి. వీధిని దాటే చోట మాత్రం నాలుగు పలకలు వేస్తే చాలు. నలభై ఇళ్ల గుంటలూ ఎండుతాయి, పడుగులకి వీధి మిగులుతుంది. పోయేది ఒకే ఒక్క ఇల్లు.

అది నాంచారమ్మది.

ఆవిడకి ముప్పై ఏళ్లుంటాయి. నేను కొలతలకి వెళ్లేసరికి సత్తు గిన్నెతో మగ్గం గుంటలో నీళ్లు తోడుతోంది. నుదుట పెద్ద బొట్టు, చేతుల నిండా గాజులు. మగ్గం మీద సగం నేసిన చీర, ముదురు ఎరుపు, నల్ల అంచు. నేత ఆగిపోయి చాలా కాలమైందని బట్ట వాలకం చూస్తేనే తెలుస్తోంది. మడత దగ్గర రంగు వెలిసింది. అయినా దుమ్ము కణం లేదు.

"ఎవరమ్మా నేసేది?" అన్నాను.

"ఆయనండీ."

"ఏడీ?"

"రంగూనెళ్లారండీ."

యుద్ధానికి ముందు వెళ్లాడట. అక్కడ ఒక బట్టల కొట్లో పని. రెండేళ్లు చేసి నాలుగు రాళ్లు తెచ్చుకుని సొంతంగా నూలు వ్యాపారం పెట్టుకుందామనుకున్నాడు. రంగూన్ మీద బాంబులు పడ్డప్పటినుంచి జాబు లేదు. బర్మా కొండల్లోంచి, అడవుల్లోంచి నడిచొచ్చినవాళ్లు కొందరు ఊళ్లకి చేరారు. ఈయన చేరలేదు. అప్పటికి నాలుగున్నరేళ్లు. నాంచారమ్మ ఇరుగుపొరుగు మగ్గాలకి దారపు కండెలు చుట్టి పెట్టి పొట్టపోసుకుంటోంది. తన ఇంట్లో మగ్గం ముట్టుకోదు, మరొకర్ని ముట్టుకోనివ్వదు.

"ఎవరైనా ముగిస్తే చీర అమ్ముడుపోతుందిగా," అన్నాను, పెద్ద తెలివిగలవాడిలా.

"ఆయనెక్కించిన పడుగండీ. ఆయనే దించాల," అని మళ్లీ గిన్నె ముంచింది. ఉపయోగంలో లేని గుంటలో రోజూ నీళ్లు తోడుతున్న మనిషిని అంతకుముందు నేను చూడలేదు.

ఇక్కడే నేను పొరపాటు చేశాను. ఇల్లు సర్కారు తీసుకుంటే బదులు స్థలం ఇస్తుంది, మెరకన మంచి స్థలం. అందుకు యజమాని సంతకం కావాలి. యజమాని చనిపోతే వారసుల సంతకం. యజమాని ఉన్నాడో లేడో తెలియకపోతే ఏం చేయాలో ఏ రూల్లోనూ లేదు. వివరాలు రాసుకోవడానికి సూరయ్యని వెంటబెట్టుకుని వెళ్లి ఆవిడ భర్త పేరడిగాను. ఆవిడ తల వంచుకుని, సూరయ్య వైపు చెయ్యి చూపించింది. మొగుడి పేరు నోటితో చెప్పే అలవాటు మా వైపు ఆడవాళ్లకి ఆ రోజుల్లో లేదు. నాకూ అది మామూలే కనక, ఇక ఆవిణ్ణి ఏమీ అడగకుండా సూరయ్యని వీధిలోకి తీసుకెళ్లి మిగతావన్నీ ఆయన్నే అడిగాను.

"వెంకటస్వామండీ," అన్నాడాయన.

"మనిషి ఉన్నట్టా, లేనట్టా?"

సూరయ్య గొంతు తగ్గించాడు. "ఏం చెప్పమంటారండీ. లేనట్టే అనుకోండి. పాపం, ఆ పిల్లకన్నా ఒక మెరక స్థలం దక్కనీయండి."

ఆయన మంచికే అన్నాడు. నేనూ మంచికే రాశాను. కీ.శే. వెంకటస్వామి, వారసురాలు భార్య నాంచారమ్మ. ఆ రెండక్షరాలతో పని ఎంత సులువైందో! సంతకం దొరుకుతుంది, స్థలం వస్తుంది, ఆగస్టు పెద్దవానలకి ముందే కాలువ తెగుతుంది. ఒక చిక్కుముడి విప్పానని ఆ పూట కాఫీ హోటల్లో అదనంగా ఒక పెసరట్టు తిన్నాను.

తీసుకోబోయే స్థలాల జాబితాని వీధిలో చదివి వినిపించడం రూలు. మధ్యాహ్నం అన్నాలయ్యాక అందరూ అరుగుల మీద చేరారు. నేను నిలబడి గట్టిగా చదివాను. మొదటి రెండు పేర్లు వెనక పొలం రైతులవి. మూడోది చదివాను. "కీర్తిశేషులు వెంకటస్వామి..."

ఆడవాళ్లందరూ ఒకేసారి నాంచారమ్మ వైపు చూశారు. ఆవిడకి చదువు రాదు గానీ కీర్తిశేషులంటే ఎవరికి అర్థం కాదు! చేతిలో కండె కింద పెట్టింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. లేచి నా ముందుకొచ్చి నిలబడింది.

"ఎవరు చూశారండీ?"

"ఏంటమ్మా?"

"ఆయన పోయినట్టు ఎవరు చూశారు? మీరు చూశారా? ఎవరన్నా జాబు రాశారా?"

సూరయ్య నేల చూస్తున్నాడు.

"కనబడకుండా పోయినోళ్లకి పన్నెండేళ్లు ఆగమని శాస్త్రమే చెప్పింది. పన్నెండేళ్లు నిండాకే దర్భబొమ్మకి కర్మ చేసేది. దేవుడే పన్నెండేళ్లు ఆగుతుంటే మీ సర్కారుకి అంత తొందరేందండీ? గాజులు కూడా మీరే పగలగొట్టి వెళ్లండి, ఒక పనైపోద్ది!"

నోటికి అదుపు లేనివాణ్ణని చెప్పానుగదా. అప్పుడు కూడా ఊరుకోవాల్సింది. సిగ్గుకి కోపం తోడైంది. "అమ్మా, నలభై ఇళ్లు మునుగుతున్నాయి. నీ ఒక్క ఇల్లు కోసం అందరూ మునగాలా? అక్కడ సంతకం పెడితే నీకు మెరకన స్థలం వస్తుంది," అన్నాను.

"ఆయనొచ్చి ఇల్లేదని ఎవర్ని అడుగుతాడండీ? మెరకన ఉన్న ఇల్లు ఆయనకి తెలీదుగా!"

జాబితా మడిచి జేబులో పెట్టుకుని సైకిలెక్కాను. వీధి దాటేదాకా ఒక్కరూ నన్ను పలకరించలేదు. అంతకుముందు రోజు వరకూ మజ్జిగ తాగి వెళ్లమని బతిమాలిన వీధి అది.

ఆ వారం రెండుసార్లు వాన పడింది. గుంటల్లో నీళ్లు జానెడు లేచాయి. సగం మగ్గాలు ఆగిపోయాయి. వీధిలో కొందరు నాంచారమ్మని దెప్పడం మొదలుపెట్టారు. "ఉన్నోళ్లని ముంచి లేనోడి కోసం ఇల్లు కాస్తందమ్మా," అని ఒకావిడ నాకు వినబడేలా అంది. సూరయ్య మాత్రం అనలేదు. ఆయన తన మగ్గం ఆపుకుని, రోజూ వెళ్లి నాంచారమ్మ గుంటలో నీళ్లు తోడుతున్నాడు.

"నాలుక జారింది నాది. మీరు రాశారంతే," అన్నాడు నాతో.

"కాదు సూరయ్యగారూ. ఆవిడ ఎదురుగా ఉండగా ఆవిణ్ణి అడగకపోవడం నాదే తప్పు," అన్నాను. ఆయన్ని గారూ అని పిలవడం నాకు ఆ రోజే అబ్బింది.

ఇద్దరం కలిసి ఆవిడ దగ్గరికి వెళ్లాం. క్షమించమని అడిగాను. ఆవిడ చాప పరిచింది. తనే అడిగింది.

"మీ కాలవకి కావాల్సింది దారా, ఇల్లాండీ?"

"దారేనమ్మా."

"మరైతే దారి తీసుకోండి. ఇల్లెందుకూ?"

"ఇంట్లోంచి కాలువ పోతే మీరెక్కడుంటారు?"

"పైన," అంది, ఇంత చిన్న విషయం కూడా తెలియదా అన్నట్టు.

నాకు ముందు నవ్వొచ్చింది. సూరయ్య నవ్వలేదు. బయటికొచ్చి సైకిలు తొక్కుతూ ఆలోచిస్తే నవ్వు ఆగిపోయింది. కాలువల మీద రైళ్లను నడుపుతున్నాం. రెండు గదుల మట్టింటిని నిలబెట్టలేమా! ఇంటి పొడుగు ఎనిమిది గజాలు. మూడడుగుల వెడల్పున సున్నంతో ఇటిక గోడలు కట్టి, మీద నాపరాళ్లు పరిస్తే సరి. రెండు వందల గజాలకి రాని మంజూరు ఎనిమిది గజాలకి వస్తుంది. పైగా ఇల్లు తీసుకోవడం లేదు కనక యజమాని సంతకం అక్కర్లేదు. కాపురమున్న మనిషి సరేనంటే చాలు.

ఇంజనీరుగారు అరగంట తల పట్టుకుని కూర్చున్నారు. "ఇంటికింద డ్రెయిను! పైవాళ్లు చూస్తే నన్నేమంటారయ్యా?" అన్నారు. ఆయన మంచివారే, కానీ కొత్త పనంటే భయం. నేను నాలుగు రోజులు ఆయన వెంటబడ్డాను. చివరికి, నీటి గోల తప్పితే చాలన్నట్టు సంతకం చేశారు. ఆయన ముందే ఆ జాబితా తీసి ఎర్ర సిరాతో కీ.శే. కొట్టేసి, పక్కన నా పొట్టిసంతకం చేశాను. యజమాని ఊళ్లో లేరు అని రాశాను. ఆ తర్వాత ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసులో ఇలాంటి జాబితాలు ఎన్నో తయారుచేశాను. ఎదురుగా ఉన్న మనిషిని అడక్కుండా పక్కింటివాళ్లని అడిగి ఒక్క అక్షరం రాయలేదు.

తవ్వకానికి ముందు మగ్గం తీయాలి. కాలువ దారిలో సరిగ్గా మగ్గం గుంటే ఉంది. ఇది చెప్పడానికి మాత్రం నాకు నోరు రాలేదు. సూరయ్యే చెప్పాడు. నాంచారమ్మ చీర వైపు చూసింది.

"పోగు తెగకుండా తియ్యగలరా మామా?" అంది.

"తెగితే నేను మళ్లీ మగ్గమెక్కను," అన్నాడాయన.

ఐదుగురు నేతగాళ్లు వచ్చారు. ఒక పూటంతా పట్టింది. నేసిన బట్టనీ, నేయని పడుగునీ, మధ్యలో పోగులు దూర్చిన అచ్చునీ అలాగే ఒక్కటిగా చుట్టారు. ఒక్క పోగు తెగలేదు. పాత దుప్పటిలో చుట్టి ఇంటి దూలానికి వేలాడదీశారు. నేను గడప దగ్గర నిలబడి చూశాను. వాళ్లు ఎవరూ మాట్లాడుకోలేదు, చేతులే ఒకదానికొకటి చెప్పుకున్నాయి. పని మీద అంత మర్యాద ఆ తర్వాత నేను మళ్లీ చూడలేదు.

పద్దెనిమిది రోజుల్లో కాలువ పూర్తిచేశాం. వీధివాళ్లే మట్టి మోశారు. నాంచారమ్మని దెప్పినావిడ అందరికన్నా ఎక్కువ తట్టలు మోసింది. చివరి నాపరాయి పరిచాక నాంచారమ్మ దాని మీద పేడతో అలికి ముగ్గు వేసింది. ఏడాదికోసారి పూడిక తీయడానికి ఒక రాయిని మాత్రం ఊడదీసేలా వదిలేశాం. ఆ రాయి ఆవిడ వంటింట్లోకి వచ్చింది. "మీ మనుషులొచ్చేటప్పుడు ముందు కబురు పెట్టండి, అన్నం వండుకునే వేళ రావద్దని చెప్పండి," అంది. నాతో మాట్లాడటం మొదలుపెట్టిందని సంతోషించాను.

ఆగస్టులో పెద్ద వాన దిగింది. పొద్దున మొదలై మధ్యాహ్నమైనా తెరిపివ్వలేదు. నేను ఆఫీసులో ఉండలేక గొడుగేసుకుని బయలుదేరాను. మొదటి పరీక్ష. నాపరాళ్లు లేస్తే, గోడ కుంగితే, ఆ ఇల్లు పోయినట్టే. గట్టు మీదనుంచి చూస్తే చెరువులో నీళ్లు కొత్త తూములోకి సుడి తిరుగుతూ దూరుతున్నాయి. వీధి పొడుగునా మగ్గాల చప్పుడు వినబడుతోంది. అంత వానలో!

నాంచారమ్మ ఇంటి తలుపు తీసే ఉంది. ఆవిడ నేల మీద, మగ్గం గుంట ఉన్నచోట కూర్చుని రాట్నం తిప్పుతోంది. రాళ్ల కింద నీళ్లు ఒరుసుకుంటూ పోతున్న శబ్దం. నేను మోకాళ్ల మీద కూర్చుని అరచేత్తో రాయి తాకి చూశాను. అదురు తెలుస్తోంది, కానీ రాయి కదల్లేదు.

"భయంగా లేదుగదమ్మా?"

"లేదండీ. ఇంట్లో ఎవరో ఉన్నట్టుంది," అంది. రాట్నం తిప్పుతూనే, "ఇయ్యన్నీ ఎక్కడికెళ్తయ్యండీ?" అని అడిగింది.

"వాగులోకి. వాగులోంచి బుడమేట్లోకి. బుడమేరు కొల్లేట్లో కలుస్తుంది, కొల్లేటినుంచి ఉప్పుటేరు, ఉప్పుటేట్లోంచి సముద్రం."

"సముద్రందాకానా!"

"సముద్రందాకానే."

రాట్నం ఆపింది. "సముద్రానికి అవతలేగా రంగూను?"

"అవతలే."

"మరి అక్కడ పడ్డ వాన ఇటు రావటానికి దారేమీ ఉండదాండీ?"

నీళ్లు పల్లానికే పోతాయి, అది నా చదువు. లేదమ్మా అనబోయి ఆగాను. కార్తీకంలో మా డెల్టా మీద పడి పొలాలు ముంచే వాయుగుండాలన్నీ ఆ సముద్రం మీదనుంచే వస్తాయి. అండమాను పక్కనో, బర్మా పక్కనో పుట్టి ఇటు నడుస్తాయి. ప్రతి ఏటా వాటి కబురు వినగానే మా ఆఫీసంతా గజగజలాడేది.

"ఉందమ్మా. మన తుఫానులన్నీ ఆ దిక్కునుంచే వస్తాయి," అన్నాను.

ఆవిడ మొహం చూసి నేను తల తిప్పుకున్నాను. అంత ఆశ ఒక మొహంలో నేను చూడకూడదనిపించింది.

"అయితే రానీయండి. దారి వేశారుగా," అంది. మళ్లీ రాట్నం తిప్పుకుంది.

మరుసటి ఏడాది నన్ను దివిసీమకు బదిలీ చేశారు. అక్కడినుంచి ఇంకో చోటికి. కాలువ దారి గీసే ముందు నీళ్ల లెక్క చూడడం నాకు కాలేజీలో నేర్పారు. ఆ దారిలో ఎవరుంటారు, వాళ్లు ఎవరి కోసం ఎదురుచూస్తున్నారు అని కూడా అడగాలని నాంచారమ్మ నేర్పింది. పై ఉద్యోగానికి వచ్చాక నా కింద పనిచేసిన ప్రతి ఓవర్సీరుకీ ఈ మాట చెప్పాను. కొందరు నవ్వారు.

వెంకటస్వామి వచ్చాడా అని మీరు అడుగుతారు. పని మీద నేను మూడుసార్లు బెజవాడ వెళ్లాను. మూడుసార్లూ ఆ పేట మలుపుదాకా నడిచి, కిళ్లీ కొట్టు దగ్గర నిలబడి, వెనక్కి తిరిగి వచ్చేశాను. ఎవర్నయినా ఒక్క మాట అడిగితే చెప్పేవాళ్లు. ఒకప్పుడు ఏమీ తెలియకుండానే అతను లేడని రాసేసిన నాకు, అడిగి తెలుసుకునే ధైర్యం ఈనాటికీ రాలేదు. అడగనంతకాలం అతను ఇంటికి వస్తూనే ఉంటాడు.